దేవుడంటే భయపడాలా, ప్రేమించాలా? ‘భయభక్తులు’ అన్న మాటను విప్పి చూస్తే

పోయిన నెలలో మా కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి ఒకే రోజు రెండు వీడియోలు వచ్చాయి. పొద్దున బాబాయి పెట్టినదాంట్లో ఒక బోధకుడు “సంఘంలో దేవుని భయం పోయింది, అందుకే ఇన్ని అనర్థాలు” అని గట్టిగా చెబుతున్నాడు. సాయంత్రం మా చెల్లెలు పెట్టినదాంట్లో ఇంకొకాయన అంతే గట్టిగా “భయం ధర్మశాస్త్రం కింద ఉన్నవాళ్ళకి, మనం కృప కింద ఉన్నాం, ఇంకా భయపడుతున్నావంటే నీకు ఆయన ప్రేమ తెలియనట్టే” అంటున్నాడు. ఇద్దరి చేతుల్లోనూ బైబిలే ఉంది, ఇద్దరూ వచనాలు చూపించే మాట్లాడారు. రాత్రి విజయవాడ నుంచి అమ్మ ఫోన్ చేసి, “ఒరేయ్ నాన్నా, వీళ్ళిద్దరిలో ఎవరి మాట వినమంటావు?” అని అడిగింది.

అమ్మ గుణదల దగ్గర ఆర్‌సీఎం (రోమన్ కథోలిక) కుటుంబంలో పుట్టింది, పెళ్ళయ్యాక గుంటూరులో మా లూథరన్ ఇంటికొచ్చింది, ఇప్పుడు అన్నయ్య దగ్గర మళ్ళీ విజయవాడలోనే ఉంటోంది. రెండు సంఘాల ఉపదేశమూ కంఠతా వచ్చిన మనిషి. ఆవిడకే తికమకగా ఉందంటే చిక్కు ఆ మాటలోనే ఉందన్నమాట. పైగా ఆ ప్రశ్న వెనక మా పిన్ని ఉందని నాకు తెలుసు, పిన్ని తొమ్మిదేళ్ళుగా ప్రభువు బల్ల, అంటే చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం ముట్టలేదు, ఆ సంగతి చివర్లో చెబుతాను. ఫోన్‌లో పావుగంటలో తేలే విషయం కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

## ఒకే హీబ్రూ మాట, తెలుగులో రెండు రూపాలు

పాత నిబంధనలో ఈ సందర్భంలో ఎక్కువగా కనిపించే హీబ్రూ మాట ‘యిర్ఆ’. శత్రువుని చూసి కాళ్ళు వణకడం దగ్గర్నుంచి దేవుని సన్నిధిలో తల వంచి నిలబడటం దాకా అన్నిటికీ ఆ ధాతువే వాడతారు, ఎక్కడ ఏ అర్థమో చుట్టూ ఉన్న మాటల్ని బట్టి పట్టుకోవాలి. కొత్త నిబంధన గ్రీకులో ‘ఫోబోస్’ అన్న మాట సంగతీ దాదాపు ఇంతే.

మన అనువాదకులు దీన్ని చాలాచోట్ల ‘భయభక్తులు’ అన్నారు. “యెహోవాయందు భయభక్తులు కలిగియుండుట తెలివికి మూలము” అని సామెతలు 1:7, సండే స్కూల్లో అందరం నేర్చుకున్నదే. కానీ 111వ కీర్తన చివరి వచనానికి వస్తే “యెహోవాయందలి భయము జ్ఞానమునకు మూలము” అని ఉంటుంది, భక్తి అన్న మాట కనపడదు. హీబ్రూలో మాత్రం రెండు చోట్లా ‘యెహోవా భయం’ అని అదే పదబంధం. సామెతలు చదివి పెరిగినవాడి చెవిలో భక్తి తోడున్న భయం, కీర్తన చదివి పెరిగినవాడి చెవిలో ఒట్టి భయం మిగిలిపోతాయి.

నాకైతే ‘భయభక్తులు’ చాలా మంచి మాట అనిపిస్తుంది. అది చర్చి కోసం పుట్టించిన మాట కాదు, మన ఇళ్ళలో ఉన్నదే. “పెద్దాళ్ళంటే భయం లేదు, భక్తీ లేదు” అని నాయనమ్మ మనవణ్ణి తిట్టిందంటే వాడు తనని చూసి గజగజ వణకాలని కాదు, తన మాటకి వాడి దగ్గర కాస్త బరువుండాలని. ఆ బరువు లేని చోట ప్రేమ ఉన్నా అది చనువులోకి జారిపోతుందనీ, ప్రేమ లేని చోట ఆ బరువు ఉట్టి బెదిరింపు అవుతుందనీ మనవాళ్ళకి తెలుసు, అందుకే రెండిటినీ కలిపి ఒకే మాట చేశారు.

ఇంకో మాట కూడా ఉంది మనకి, పాపభీతి. ఏ మతం ఇంట్లో పెరిగినా చిన్నప్పుడు “తప్పు, కళ్ళు పోతాయి, లెంపలేసుకో” అని వినే ఉంటాం. క్రైస్తవ ఇళ్ళలో అది “అబద్ధం చెబితే యేసయ్య కొడతాడు” అయింది. పద్ధతి ఒక్కటే, తప్పుకీ దెబ్బకీ లంకె పెట్టడం. పెద్దయ్యాక బైబిల్లో భయం అన్న మాట కనపడినప్పుడల్లా మనకి ముందు గుర్తొచ్చేది ఆ దెబ్బే, సగం గందరగోళం అక్కడే మొదలవుతుంది.

## దాసుడి భయం వేరు, బిడ్డ భయం వేరు

బెంజ్ సర్కిల్ వైపు వెళ్ళే బండ్లని ఒకసారి గమనించండి. పోలీసులు కనపడగానే మోచేతికి వేలాడుతున్న హెల్మెట్ తలమీదికెక్కుతుంది, సర్కిల్ దాటాక మళ్ళీ మోచేతికే. చలానా భయం నిజమైన భయమే, పనిచేసింది కూడా, కాకపోతే ఓ రెండొందల మీటర్లు. అదే మనిషి, తనకేమన్నా అయితే ఇంట్లో చంటిపిల్ల ఏమైపోతుందోనని ఒక్కసారి నిజంగా ఆలోచించాడంటే పోలీసు మొహమే కనపడని ఊరి రోడ్డు మీద కూడా పెట్టుకుంటాడు. ఇదీ భయమే. ప్రేమలోంచి పుట్టింది కాబట్టి ప్రేమ ఉన్నంతకాలం ఉంటుంది.

సంఘచరిత్రలో ఈ తేడాని పెద్దవాళ్ళు చాలా ముందే పట్టుకున్నారు. హిప్పో బిషప్ అగస్టీన్ (354–430) యోహాను మొదటి పత్రిక మీద ప్రసంగిస్తూ ఇద్దరు భార్యల పోలిక చెప్పాడు. ఒకామె తప్పుడు పని చేస్తూ భర్త ఎక్కడ వచ్చేస్తాడోనని భయపడుతుంది, ఇంకొకామె భర్త ఎక్కడ తనని విడిచి వెళ్ళిపోతాడోనని భయపడుతుంది. ఇద్దరినీ అడిగితే భయపడుతున్నామనే చెబుతారు. అదే ప్రసంగంలో సూది, దారం పోలిక కూడా ఉంది. గుడ్డలోకి ముందు సూది దిగితేనే వెనకాల దారం వస్తుంది, కానీ కుట్టు నిలబడేది దారంతో, సూది బయటికి వెళ్ళిపోవాల్సిందే. భయం సూది, ప్రేమ దారం అంటాడు.

13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ దీన్ని ఇంకా విడగొట్టాడు. మనుషులకి భయపడి దేవుణ్ణి వదిలేయడం లోకభయం, శిక్షకి భయపడి పాపం మానడం దాసభయం, తండ్రికి అయిష్టమైనది చేసి ఆయనకి దూరమవుతానేమోనని భయపడటం పుత్రభయం, విశ్వాసం మొదట్లో దాసభయమూ పుత్రభయమూ కలగలిసి ఉండేది ప్రారంభ భయం. దాసభయాన్ని కూడా ఆయన పూర్తిగా చెడ్డదని తోసేయలేదు, అక్కడే ఆగిపోకూడదన్నాడు.

దాసభయం ఎలాంటి విధేయతని పుట్టిస్తుందో యేసు చెప్పిన తలాంతుల ఉపమానంలో, వ్యాపారం చేయమని యజమాని డబ్బు (తలాంతులు) అప్పగించిన ముగ్గురిలో మూడో దాసుణ్ణి చూస్తే తెలుస్తుంది. నువ్వు కఠినుడివని నాకు తెలుసు, అందుకే “భయపడి” నీ తలాంతు భూమిలో దాచాను, ఇదిగో నీది నీకు అంటాడు. దొంగతనం చేయలేదు, తాగి తందనాలాడలేదు, అసలు మొత్తం పైసాతో సహా తిరిగిచ్చాడు. అయినా యజమాని దృష్టిలో అది అవిధేయతే అయింది. శిక్ష తప్పించుకోవడమే లక్ష్యం అయినప్పుడు మనిషి చేసేది అంతవరకే, తప్పు చేయకుండా ఉండటానికి సరిపడా, అంతకు మించి ఒక్క అడుగు వేయడు.

## మిర్చి యార్డులో కాటా దగ్గర నాలుగు కారణాలు

దీన్ని ఒక లెక్కలో పెట్టి చూద్దాం. గుంటూరు మిర్చి యార్డుకి ఒక రైతు 50 టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చాడనుకోండి. క్వింటా 12,000 అనుకుంటే కిలో 120 రూపాయలు. కాటా దగ్గర గుమస్తా టిక్కీకి ఒక్క కిలో తగ్గించి రాస్తే 50 కిలోలు, అంటే 6,000 రూపాయలు రైతు చేతిలోంచి జారిపోయినట్టు. రాత్రంతా టిక్కీల పక్కనే పడుకుని నిద్రలేని కళ్ళతో నిలబడ్డ ఆ రైతు కనిపెట్టే అవకాశం తక్కువ. గుమస్తా మాత్రం సరిగ్గానే రాశాడు. ఎందుకు రాశాడు?

తనిఖీకి ఎవరన్నా వస్తారేమోనని రాసి ఉండొచ్చు. లేదా ఈ 6,000 తింటే దేవుడు ఇంట్లో పిల్లలకి జబ్బు రప్పిస్తాడని భయపడి ఉండొచ్చు. లేదా “దొంగత్రాసు యెహోవాకు హేయము” అన్న సామెతలు 11:1 గుర్తొచ్చి, ఆయన అసహ్యించుకునే పని చేసి రాత్రి మోకాళ్ళేసి ఆయనతో ఏం మాట్లాడను అనుకుని ఉండొచ్చు. నాలుగోది, రైతు మొహం చూసి జాలితో, ప్రేమతో రాసి ఉండొచ్చు.

ఒక నిజం ముందే ఒప్పుకోవాలి, రైతుకి నాలుగు సందర్భాల్లోనూ 6,000 మిగిలింది. ఆ పూట అతనికి కావలసింది కాటా సరిగ్గా ఉండటమే, గుమస్తా మనసులో ఏముందో కాదు. అందుకే దాసభయం వల్ల లోకానికి ఏ మేలూ లేదనడం తొందరపాటు.

తేడా తెలిసేది పరిస్థితి మారినప్పుడు. తనిఖీలు లేవని తెలిసిన రోజున మొదటివాడు మారిపోతాడు. రెండోవాడితో బేరం కుదురుతుంది, యజమాని వచ్చి “మనం దశమభాగం ఇస్తున్నాంగా, దేవుడు చూసుకుంటాడులే” అన్నాడంటే మెత్తబడతాడు, ఎందుకంటే అతని భయమంతా శిక్ష గురించి, శిక్ష మాఫీ అయిందనిపిస్తే ఇక ఆపేదేమీ లేదు. మూడోవాడితో ఆ బేరం సాగదు, అతను పోగొట్టుకోకూడదనుకుంటున్నది దేవునితో ఉన్న సంబంధాన్ని, దానికి కానుక పెట్టె దగ్గర మారకం లేదు. మరి నాలుగోవాడి మాటేమిటి, అందరికంటే అతనే గొప్ప కదా అంటారేమో. నిజమే, కానీ రైతు అతన్ని పదిమందిలో బూతులు తిట్టిన రోజున? ఆ రోజు జాలి పోతుంది, ప్రేమ కూడా చాలామందికి పోతుంది. ఆ రోజు కూడా కాటా సరిగ్గా ఉండాలంటే రైతు కంటే పైన ఇంకెవరో ఉన్నారన్న స్పృహ కావాలి. ప్రేమ గురించి అంతగా రాసిన పెద్దలు కూడా భయాన్ని పూర్తిగా వదిలేయకపోవడానికి కారణం నాకు తెలిసినంతలో ఇదే.

ఆదికాండము 39లో యోసేపు ఉన్నది అలాంటి చోటే. బానిసగా ఉన్న ఇంట్లో యజమాని పోతీఫరు భార్య అతన్ని తప్పుడు పనికి పిలిచింది. “పోతీఫరు చంపేస్తాడు” అని అతను అనలేదు, ఇంత ఘోరం చేసి దేవునికి విరోధంగా ఎలా పాపం కట్టుకుంటాను అన్నాడు.

## వచనాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయా?

కృప గురించి మాట్లాడేవాళ్ళ చేతిలో ఉన్న బలమైన వచనం 1 యోహాను 4:18. “ప్రేమలో భయముండదు”, “పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టును”. సాధారణంగా ఇక్కడ ఆపేస్తారు. ఆ వచనంలోనే యోహాను ఇంకో మాట అన్నాడు, “భయము దండనతో కూడినది” అని. దాని ముందు వచనం తీర్పు దినాన ధైర్యంగా ఉండటం గురించి. కాబట్టి ఆయన బయటికి గెంటేస్తున్నది ఏ భయాన్నో ఆయనే చెప్పాడు, శిక్ష భయాన్ని. రోమా 8:15 కూడా అంతే, మళ్ళీ భయపడటానికి మనం దాస్యపు ఆత్మను పొందలేదు, “అబ్బా తండ్రీ” అని పిలిచే దత్తపుత్రాత్మను పొందాం అంటుంది.

ఇటువైపు ఫిలిప్పీ 2:12 ఉంది, “భయముతోను వణకుతోను” సొంత రక్షణను కొనసాగించుకోమని. కృపనెరగని మనిషి కాదు కదా ఆ మాట రాసింది, రోమా 8 రాసిన పౌలే. పైగా తర్వాతి వచనంలో దానికి ఆయన చెప్పిన కారణం నరకం కాదు, మీలో పనిచేస్తున్నది దేవుడే అన్నది. కొడతాడని వచ్చిన వణుకు కాదది, ఇంత దగ్గరగా, మనలోపలే ఉన్నాడని వచ్చిన వణుకు.

ఈ ముడి ఒకే వచనంలో కనిపించే చోటు నిర్గమకాండము 20:20. సీనాయి కొండ దగ్గర ఉరుములు, పొగ చూసి జనం దూరంగా నిలబడిపోయారు. మోషే వాళ్ళతో “భయపడకండి” అని, ఆ వాక్యం పూర్తికాకుండానే, ఆయన భయం మీకు కలిగి మీరు పాపం చేయకుండా ఉండాలనే దేవుడు వచ్చాడు అన్నాడు. భయపడొద్దు, భయం ఉండాలి. రెండిటికీ హీబ్రూలో ఒకే ధాతువు. లూకా 12లో యేసు కూడా చంపి నరకంలో పడద్రోయగలవాడికి భయపడండి అని, రెండు మాటల తర్వాత ఐదు పిచ్చుకలు రెండు కాసులకి అమ్ముడవుతాయి, వాటిలో ఒక్కదాన్ని కూడా దేవుడు మరిచిపోడు, భయపడకండి అన్నాడు.

నాకు అన్నిటికంటే ఎక్కువ వెలుగు దొరికింది 130వ కీర్తనలో. జనులు నీయందు భయభక్తులు నిలిపేలా నీ దగ్గర క్షమాపణ దొరుకుతుంది అంటాడు కీర్తనకారుడు. క్షమించడం వల్ల భయం! శిక్ష భయమే అయితే క్షమాపణ దొరికిన క్షణంలో అది తగ్గాలి, ఇక్కడ పెరుగుతోంది. అప్పు తీర్చలేక ముఖం చాటేస్తున్న మనిషిని ఇంటికి పిలిచి, అప్పిచ్చినాయన అతని కళ్ళముందే ప్రామిసరీ నోటు చింపేశాడనుకోండి. వసూలు భయం అక్కడితో సరి. కానీ మర్నాడు ఆయన వీధిలో ఎదురొస్తే ఇతను లేచి నిలబడతాడు, ఆయన ముందు తేలిక మాట ఆడడు, ఆయన దగ్గర మళ్ళీ నమ్మకం పోగొట్టుకోవడమంటే ప్రాణం పోయినట్టు ఉంటుంది. నోటు ఉన్నప్పుడు ఆయన నుంచి పారిపోయేవాడు, చింపాక ఆయన ఎదుటికొచ్చి భయపడుతున్నాడు.

## “భయమంటే గౌరవమే” అంటే సరిపోతుందా?

ఈ చిక్కుని సులువుగా విప్పేయడానికి చాలామంది “బైబిల్లో భయమంటే గౌరవం అని అర్థమండీ, అంతే” అంటారు. అందులో కొంత నిజం ఉంది గానీ చాలదు. కలెక్టర్ గారిని గౌరవిస్తాం, ఆయన ముందు మన ప్రాణం జారిపోదు. యెషయా 6లో ప్రవక్త దేవాలయంలో ప్రభువుని చూసి నేను నశించితిని అన్నాడు, గౌరవం మనిషి చేత ఆ మాట అనిపించదు.

చూడాల్సింది ఆ వణుకు ఆయన్ని ఎటు తీసుకెళ్ళిందన్నది. ఏదెను తోటలో ఆదాము భయపడి చెట్ల వెనక దాక్కున్నాడు. యెషయా వణికి, పెదవులకి నిప్పు తగిలి, పాపం తొలగిపోయాక, ఎవరిని పంపుదునన్న స్వరం విని “చిత్తగించుము నేనున్నాను నన్ను పంపుము” అన్నాడు. ఒక భయం దేవునికి దూరంగా పరుగెత్తించింది, ఇంకో భయం అక్కడే నిలబెట్టి పనికి పంపింది. పైగా మెస్సీయ గురించి యెషయా 11 చెబుతూ యెహోవా భయం ఆయనకి ఇంపుగా ఉంటుందంటుంది, హెబ్రీ 5:7 యేసు భయభక్తులు కలిగి ఉన్నందుకే ఆయన ప్రార్థన అంగీకరించబడిందంటుంది. పాపమే లేనివాడికి శిక్ష భయం ఎక్కడిది?

## ఈ భయం వల్ల మేలు ఎవరికి?

రెండు వీడియోల్లోనూ రాని విషయం ఇది, నాకు మాత్రం ఇదే ముఖ్యం అనిపిస్తుంది. దేవునికి భయపడమని బైబిల్ ఎప్పుడెప్పుడు, దేని పక్కన చెబుతోందో వరసగా చూసుకుంటూ పోతే ఒక సంగతి బయటపడుతుంది.

లేవీయకాండము 19:14లో చెవిటివాణ్ణి తిట్టకూడదు, గుడ్డివాని ముందు అడ్డం వేయకూడదు, “నీ దేవునికి భయపడవలెను” అని ఉంది. ఎందుకు సరిగ్గా అక్కడ? చెవిటివాడికి నీ తిట్టు వినపడదు, గుడ్డివాడికి అడ్డం పెట్టింది ఎవరో కనపడదు. సాక్ష్యం చెప్పేవాడు లేడు, పోలీసు కేసు కాదు. ఆ ఖాళీలో నిలబడేది దేవుని భయం ఒక్కటే. అదే గ్రంథం 25వ అధ్యాయంలో చితికిపోయిన సహోదరుడి దగ్గర వడ్డీ తీసుకోవద్దు, నీ దేవునికి భయపడు, నీ దగ్గర పనిచేసేవాణ్ణి కఠినంగా చూడొద్దు, నీ దేవునికి భయపడు అని వస్తుంది. 2015 చివర్లో కాల్‌మనీ వడ్డీ వ్యాపారుల వ్యవహారం బయటపడ్డప్పుడు విజయవాడ విన్న కథలు గుర్తున్నవాళ్ళకి ఆ వడ్డీ వచనం పక్కన భయం అన్న మాట ఎందుకుందో వేరే చెప్పక్కర్లేదు.

ఐగుప్తులో షిఫ్రా, పూయా అన్న ఇద్దరు మంత్రసానులు హెబ్రీ మగపిల్లల్ని చంపమన్న ఫరో ఆజ్ఞని పక్కన పెట్టారు, కారణం వాళ్ళు దేవునికి భయపడటం. రాజుకంటే పెద్దవాడికి భయపడ్డారు కాబట్టి రాజు భయం పోయింది, పిల్లలు బతికారు. నెహెమ్యా అధిపతిగా ఉన్న 12 ఏళ్ళూ తనకి రావలసిన బత్తెం తీసుకోలేదు. తనకంటే ముందున్న అధిపతులు జనం దగ్గర ఆహారం, ద్రాక్షారసం, పైన 40 తులాల వెండి కూడా పిండుకున్నారనీ, దేవుని భయం వల్ల తాను అలా చేయలేదనీ రాసుకున్నాడు.

బలహీనుడు నీ చేతికి చిక్కినప్పుడు, చూసేవాళ్ళు ఎవరూ లేనప్పుడు, అక్కడ ఈ మాట వస్తోంది. దేవుని భయం అంటే మనకీ దేవుడికీ మధ్య జరిగే లోపలి వ్యవహారం అనుకుంటాం గానీ దానివల్ల నిద్రపోగలిగేది మూడో మనిషి, కాటా దగ్గర రైతు, ఇంట్లో పనిమనిషి, అప్పు తీసుకున్న విధవరాలు.

## మన సంఘాలకి ఈ పాఠం వచ్చిన దారులు

గుంటూరు లూథరన్లకి ఈ విషయం మీద ఒక ప్రత్యేకమైన వారసత్వం ఉంది. 1505 జులైలో ఎర్ఫర్ట్‌కి తిరిగొస్తున్న 21 ఏళ్ళ న్యాయశాస్త్ర విద్యార్థి మార్టిన్ లూథర్ పిడుగుపాటుకి హడలిపోయి, బతికితే సన్యాసి అవుతానని మొక్కుకున్నాడు, రెండు వారాల్లో మఠంలో చేరాడు. అక్షరాలా భయంతో పుట్టిన విధేయత. ఉపవాసాలు, జాగరణలు, గంటల తరబడి పాపాల ఒప్పుకోలు, ఏదీ శాంతినివ్వలేదు. ‘దేవుని నీతి’ అన్న మాటే తనకి గిట్టేది కాదని ముసలితనంలో రాశాడు. భయంలో అంతగా కాలిన మనిషి ఆ మాటని పూర్తిగా తీసేస్తాడనుకుంటాం. 1529లో ఆయన రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో పది ఆజ్ఞల వివరణ చూడండి, రెండో ఆజ్ఞ నుంచి చివరిదాకా ప్రతిదీ ఒకే రకంగా మొదలవుతుంది, మనం దేవునికి భయపడి ఆయనను ప్రేమించాలి, కాబట్టి... అని. మొదటి ఆజ్ఞకైతే భయం, ప్రేమ, నమ్మకం మూడూ. 1842 జులై 31న మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడి లూథరన్ మిషన్ పెరిగింది, 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడింది, ఆ ప్రశ్నోత్తరి కన్ఫర్మేషన్ క్లాసుల్లో తరాల నోట్లో నానింది. నాన్న ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

అమ్మ వైపు కథోలిక ఉపదేశంలో దైవభీతి పవిత్రాత్మ ఇచ్చే ఏడు వరాల్లో ఒకటి. వరం, అంటే మనం ప్రయత్నించి తెచ్చుకునే టెన్షన్ కాదు. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాల ఒప్పుకోలు) దగ్గర కూడా వాళ్ళు రెండు రకాల పశ్చాత్తాపాన్ని గుర్తిస్తారు, దేవుణ్ణి ప్రేమించి పడే బాధ సంపూర్ణమైనది, నరకానికి భయపడి పడే బాధ అసంపూర్ణమైనది. 16వ శతాబ్దంలో ట్రెంట్ మహాసభ ఆ రెండోది కూడా దేవుడిచ్చేదే, అది మనిషిని కృపకి సిద్ధం చేస్తుంది అని చెప్పింది. లూథర్‌కి ఆ విషయంలో గట్టి అభ్యంతరం, భయంతో ఏడ్చేవాడు ఇంకా తనగురించే ఏడుస్తున్నాడని. మా ఇంట్లో అమ్మా నాన్నా ఈ వాదన చాలాసార్లే చేసుకున్నారు, ఇద్దరిలో ఎవరూ ఓడిపోలేదు.

## రెండు వీడియోల వెనక ఉన్న బాధలు

కృప వైపు మాట్లాడేవాళ్ళు గాలికి మాట్లాడటం లేదు. భయంతో పెంచిన పిల్లలు హైదరాబాద్‌లో ఉద్యోగం రాగానే చర్చికి వెళ్ళడం మానేయడం, గుడిలో ఒకలా ఇంట్లో ఒకలా బతకడం, చిన్న తప్పుకే రక్షణ పోయిందేమోనని రాత్రులు నిద్రపోకపోవడం వాళ్ళు చూశారు. సిలువ దగ్గర శిక్ష తీరిపోయిందని ఒకవైపు ప్రకటిస్తూ ఇంకోవైపు శిక్షతో బెదిరించడం సువార్తకే విరుద్ధం కదా అని వాళ్ళ ప్రశ్న, న్యాయమైన ప్రశ్న.

భయం గురించి మాట్లాడేవాళ్ళదీ ఒక అనుభవమే. కృప పేరు చెప్పుకుని అప్పులు ఎగ్గొట్టినవాళ్ళని, భార్యని కొట్టి ఆదివారం ముందు వరసలో చేతులెత్తి పాడేవాళ్ళని వాళ్ళు చూశారు. చనువిస్తే నెత్తికెక్కి కూర్చునే గుణం మనిషికి దేవుడి దగ్గర కూడా ఉంటుందని వాళ్ళ వాదన. పొలం అమ్మిన డబ్బు గురించి అబద్ధమాడి అక్కడికక్కడే చనిపోయిన అననీయ, సప్పీరాల కథ పాత నిబంధనలోది కాదు, అపొస్తలుల కార్యములు 5లోది. అదే గ్రంథం 9:31లో సంఘం ప్రభువు భయంలోనూ పరిశుద్ధాత్మ ఆదరణలోనూ నడుస్తూ విస్తరించిందని ఉంది. భయమూ ఆదరణా పక్కపక్కన.

నా మటుకు నాకు, మొదటివాళ్ళు ఏ భయాన్ని తీసేయమంటున్నారో అది నిజంగా పోవలసిందే, రెండోవాళ్ళు ఏది కావాలంటున్నారో అది నిజంగా ఉండవలసిందే. ఇద్దరూ ఒకే మాట వాడి రెండు వేరువేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నారు. అయితే అన్నిచోట్లా రాజీ కుదిరిపోదు. విశ్వాసికి నరకం హెచ్చరిక వర్తిస్తుందా అన్న చోట సంఘాల మధ్య అసలైన భేదాభిప్రాయమే ఉంది. హెబ్రీ 10:31లో “జీవముగల దేవుని చేతిలో పడుట భయంకరము” అన్నది ఎవరితో అన్నాడని అడిగితే రక్షణ పోదనేవాళ్ళు ఒకటి, పోవచ్చనేవాళ్ళు ఇంకొకటి చెబుతారు.

## దేవుని భయం పేరుతో వేరే భయాలు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ చుట్టుపక్కల ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు, ఇది పాపాలకి శిక్ష అన్న మాట నేనూ ఫోన్‌లో విన్నాను. లూకా 13లో యేసు ముందుకి ఇదే ప్రశ్న వచ్చింది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు, వాళ్ళు యెరూషలేములో మిగతావాళ్ళకంటే పాపులా? కాదు అన్నాడు ఆయన, సూటిగా. ఆ తర్వాత, మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారు అనీ అన్నాడు. మునిగినవాళ్ళ వైపు వేలు చూపించనివ్వలేదు, గట్టున నిలబడి చూస్తున్నవాళ్ళని తమవైపు చూసుకోమన్నాడు.

దశమభాగం ఇవ్వకపోతే ఆ డబ్బు ఆసుపత్రికి పోతుందన్న మాట, పాస్టర్ గారిని లెక్కలు అడిగితే శాపం తగులుతుందన్న మాట కూడా దేవుని భయం పేరుతోనే తిరుగుతుంటాయి. రెండోదానికి “నేను అభిషేకించినవారిని ముట్టకూడదు” అన్న 105వ కీర్తన వచనం చూపిస్తారు. ఆ కీర్తనలో అభిషిక్తులంటే దేశదేశాలు తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు, బలం లేని పరదేశులు. ఆ గద్దింపు వినాల్సింది రాజులు, ఆ మాట దాని ముందు వచనంలోనే ఉంది. బలవంతుణ్ణి ఆపడానికి చెప్పినదాన్ని తీసుకొచ్చి అడిగేవాడి నోరు మూయడానికి వాడుతున్నాం. మంత్రసానులు దేవునికి భయపడితే ఫరో భయం పోయిందని చెప్పుకున్నాం కదా, ఏ భయం వల్ల మనుషుల ముందు మన నోరు ఇంకా పడిపోతుందో అది వేరే భయం.

## పిన్ని, బల్ల

తొమ్మిదేళ్ళ కిందట పిన్నికీ తోడికోడలికీ ప్రహరీ గోడ దగ్గర గొడవైంది, అనకూడని మాటలు అనుకున్నారు. ఆ తర్వాతి ఆదివారం పిన్ని బల్ల తీసుకుంది, నెల తిరక్కుండా కామెర్లు వచ్చాయి. ఒక కూడికలో ఎవరో “అయోగ్యంగా తింటే రోగం తప్పదు” అని 1 కొరింథీ 11 చదివి వినిపించారు. అంతే, ఆనాటి నుంచి బల్ల ఆరాధన రోజు వెనక బెంచీలో కూర్చుని అందరూ వెళ్ళి వస్తుంటే తల దించుకుని ఉంటుంది.

ఆ అధ్యాయంలో రోగాల మాట నిజంగానే ఉంది, 30వ వచనం. దాన్ని దాచలేం. అయితే కొరింథులో ఏం జరిగింది? ఉన్నవాళ్ళు ముందే వచ్చి తిని తాగేశారు, లేనివాళ్ళు వచ్చేసరికి ఆకలితో మిగిలిపోయారు. లేనివాళ్ళని సిగ్గుపరుస్తారా అని పౌలు కోపం. అయోగ్యంగా తినడం అంటే ఆయన చూపిస్తున్నది అది. మళ్ళీ అదే, బలహీనుడి పక్కనే దేవుని భయం. ఇంకా 28వ వచనంలో ప్రతివాడూ తనని తాను పరీక్షించుకోవాలి, అలా చేసి ఆ రొట్టె తినాలి అని ఉంది. పరీక్షించుకుని మానేయాలి అని లేదు. సమాధానపడేదాకా ఆగడమే సరైనదని అనే పెద్దలూ ఉన్నారు, వాళ్ళు చూపించేది మత్తయి 5:24, ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడు అని. ఆ వచనం కూడా “అటుతరువాత వచ్చి” అనే ముగుస్తుంది. ఏ దారిలో చదివినా చివరికి రమ్మనే ఉంది.

పిన్ని గురించిన ఈ ముక్క మాత్రం ఫోన్‌లో చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత “పదకొండు, ఇరవై ఎనిమిది కదా” అని కరెంటు బిల్లు వెనక రాసుకుంది. మొన్న ఆదివారం ఫోన్ చేసి, పిన్ని గోడవతలికి చింతకాయ పచ్చడి పంపిందని చెప్పింది. డబ్బా ఇంకా తిరిగి రాలేదట. ఖాళీ డబ్బా ఎవరూ తిరిగి పంపరు కదా, అందులో ఏం పెట్టి పంపుతుందోనని పిన్ని ఎదురుచూస్తోంది.